తొక్‌గుక్: కొరియా కొత్త సంవత్సరపు బియ్యం బిళ్ళల సూప్ ఇంట్లో ఎలా చేయాలి

కొరియాలో చాంద్రమాన కొత్త సంవత్సరాన్ని సొల్లాల్ అంటారు. ఆ పొద్దున పెద్దలను తలచుకుని చేసే పూజలో అన్నం బదులు తొక్‌గుక్ పెడతారు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ అదే తింటారు. తొక్ అంటే ఆవిరి మీద ఉడికించి దంచిన బియ్యప్పిండి ముద్ద, గుక్ అంటే సూప్. తేటగా మరిగిన సూప్‌లో తెల్లటి బియ్యం బిళ్ళలు తేలుతూ ఉంటాయి. పైన పసుపు, తెలుపు రంగుల్లో సన్నగా తరిగిన గుడ్డు అట్టు, నలిపిన సముద్రపు నాచు, కొంచెం ఉల్లికాడ. చూడటానికి ఇంతే. ఈ గిన్నె తింటే వయసుకు ఒక ఏడాది కలిసినట్టే. అందుకే అక్కడ 'ఎన్ని గిన్నెల తొక్‌గుక్ తిన్నావు' అంటే 'నీకెన్నేళ్ళు' అని అడగడం. 2023 జూన్‌లో దక్షిణ కొరియా ప్రభుత్వం చట్టపరమైన లెక్కల్లో చాలావాటికి పుట్టినరోజు నుంచి లెక్కించే వయసునే ఖాయం చేసింది, అయినా ఆ మాట ఇంకా వాడుకలోనే ఉంది.

మనకు 'రూపాయి బిళ్ళ' ఎలాగో, ఈ తొక్ ముక్కలకూ నాణెం పోలిక ఉంది. పొడవాటి కడ్డీ ఆయుష్షుకు, దాన్ని కోసిన గుండ్రటి బిళ్ళ డబ్బుకు, తెల్లరంగు కొత్త ఆరంభానికి గుర్తులని చెబుతారు. ఆ తెలుపు, ఆ తేట పోకుండా చూసుకోవడమే ఈ వంటలోని అసలు పని. సూప్ కలకబారకూడదు, బిళ్ళ జావ కాకూడదు. కింద చెప్పిన ప్రతి జాగ్రత్తా ఈ రెంటికోసమే. పసుపు, కారం, గరం మసాలా దేనికీ ఇందులో చోటు లేదు. చప్పగా ఉంటుందేమోనని భయపడకండి, పక్కన కిమ్చీ, అంటే కారంగా పులియబెట్టిన కొరియన్ కూరగాయల పచ్చడి, ఉంటుంది.

నలుగురికి కావలసినవి

తొక్ బిళ్ళలు 600 గ్రాములు (మనిషికి 150 గ్రాములు. చూడటానికి తక్కువగా ఉన్నా కడుపు నిండుతుంది)
బీఫ్ 300 గ్రాములు, లేదా ఎముకలతో సహా కిలో కోడి
నీళ్ళు రెండున్నర లీటర్లు
ఉల్లిపాయ సగం, వెల్లుల్లి ఆరు రెబ్బలు, మిరియాలు పది
ముల్లంగి 100 గ్రాములు
ఉల్లికాడలు ఒక కట్ట
కొరియన్ సూప్ సోయాసాస్ ఒక టేబుల్ స్పూను, మాంసానికి పట్టించడానికి ఇంకో టీస్పూను
ఉప్పు సుమారు ఒకటిన్నర టీస్పూను
నువ్వుల నూనె రెండు టీస్పూన్లు, మిరియాల పొడి
గుడ్లు మూడు
ఉప్పు, నూనె పట్టించని గిమ్ రెండు రేకులు

గిమ్ అంటే కాగితంలా ఆరబెట్టిన సముద్రపు నాచు. జపాన్ వాళ్ళ నోరి కూడా పనికొస్తుంది. నువ్వుల నూనె దగ్గర మాత్రం జాగ్రత్త. కొరియన్లు వాడేది నువ్వులను బాగా వేయించి తీసిన ముదురు గోధుమరంగు నూనె. పచ్చళ్ళలో వాడే గానుగ నూనె రుచి వేరు, దాన్ని ఎంత పోసినా ఆ వాసన రాదు. కొరియన్ రకం నూనె దొరక్కపోతే నువ్వులు దోరగా వేయించి, దంచి, చివర్లో పైన చల్లుకోండి.

తొక్ కొనేటప్పుడు

కొరియన్ సరుకులు అమ్మే దుకాణాల్లో రెండు రకాల తెల్ల తొక్ కనిపిస్తుంది. వేలెడంత పొడవున్న గొట్టాలు తొక్‌బొక్కి అనే కారం సాస్ వంటకం కోసం, ఏటవాలుగా కోసిన పలుచటి బిళ్ళలు తొక్‌గుక్ కోసం. మీకు కావలసింది రెండోది. గొట్టాలే దొరికితే వాటినే ఏటవాలుగా కోసుకోవచ్చు, బిళ్ళలు చిన్నవిగా వస్తాయి, అంతే తేడా.

ప్యాకెట్ మీద పదార్థాలు చదవండి. కొన్ని పూర్తిగా బియ్యంతో చేసినవి, కొన్నిటిలో గోధుమపిండి కలుస్తుంది. గోధుమ కలిసినవి ఎక్కువసేపు మెత్తగా ఉంటాయి గానీ బియ్యం కమ్మదనం తక్కువ. ఇంట్లో గోధుమ పడనివాళ్ళుంటే సోయాసాస్ సీసా కూడా చూడాలి, చాలా రకాల్లో గోధుమ ఉంటుంది. బయట గదిలోనే నిల్వ ఉండే ప్యాకెట్ విప్పగానే ఒక్కోసారి పుల్లటి వాసనో ఆల్కహాల్ వాసనో కొడుతుంది. అది చెడిపోయి కాకపోవచ్చు, నిల్వ కోసం కలిపిన వాటి వాసన. రెండు మూడు నీళ్ళలో కడిగితే పోవాలి. కడిగినా పోకపోయినా, బిళ్ళల మీద నల్లగానో పచ్చగానో మచ్చలున్నా పారేయండి.

తొక్ ఇంట్లోనే చేసుకోవాలంటే

బిళ్ళలుగా కోసే ఆ పొడవాటి కడ్డీని గరెతొక్ అంటారు. కొరియాలో పండగ ముందు బియ్యం నానబెట్టి మరకు తీసుకెళ్ళి ఆడించి తెచ్చుకునే అలవాటు ఉండేది. మన అరిసెల పిండి సంగతి తెలిసినవాళ్ళకు సగం పని తెలిసినట్టే. రెండిటికీ కావలసింది తడిపిండే. సంక్రాంతికి తడిబియ్యం ఆడే మర మీ వీధిలో ఉంటే అదే చాలు.

బియ్యం విషయంలో మాత్రం రాజీ పడవద్దు. కొరియన్, జపనీస్ పొట్టి గింజ బియ్యం కావాలి. సుషీ బియ్యం అని అమ్మేది ఇదే. సోనా మసూరి అన్నం పొడిపొడిగా రావడమే మనకు ఇష్టం, ఆ గుణమే ఇక్కడ పని చెడగొడుతుంది. ఆ పిండితో చేసిన కడ్డీ సాగదు, చల్లారగానే పెళుసెక్కి పగులుతుంది. అలాగని జిగురు బియ్యం వాడినా తప్పే. దాని బిళ్ళలు సూప్‌లో నిమిషంలో కరిగి ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోతాయి. ఇడ్లీ బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకసారి ఉడికించి ఆరబెట్టినవి కాబట్టి అవీ వద్దు.

అరకిలో బియ్యం కడిగి 8 గంటలు, చలికాలమైతే 10 నుంచి 12 గంటలు నానబెట్టండి. గింజను గోటితో నొక్కితే పలుకు తగలకుండా పిండిగా చిట్లాలి. చిల్లుల గిన్నెలో అరగంట వడకట్టండి. ఇప్పుడది సుమారు 640 గ్రాములు తూగుతుంది. ఒక టీస్పూను ఉప్పు కలిపి మరలో ఆడించండి, లేదా మిక్సీలో కొద్దికొద్దిగా వేసి మెత్తగా పట్టి జల్లించండి. జల్లెడలో మిగిలిన రవ్వను మళ్ళీ పట్టాలి. ఆ రవ్వ మిగిలిపోతే రేపు బిళ్ళ కొరికినప్పుడు పంటికి ఇసుకలా తగులుతుంది.

పిండిలో గోరువెచ్చటి నీళ్ళు 130 మి.లీ. చల్లి, రెండు అరచేతుల మధ్య రుద్దుతూ కలపండి. గుప్పిట పట్టి వదిలితే ఉండ నిలవాలి, అరచేతిలో మెల్లగా ఎగరేసినా విరగకూడదు. విరిగితే స్పూను చొప్పున నీళ్ళు పెంచండి, మొత్తం 180 దాటనివ్వకండి. అరిసెల పిండి కంటే ఇది కాస్త ఎక్కువ తడిగా ఉంటుంది, చపాతీ ముద్ద మాత్రం కాదు. పొడి పిండి తప్ప గతిలేకపోతే అదే రకం బియ్యం పిండి అరకిలో తీసుకుని, చెప్పిన ఉప్పే వేసి 300 మి.లీ. నీళ్ళు కలపండి. మూతపెట్టి గంటన్నర ఉంచి, జల్లించి వాడండి. పని జరుగుతుంది, కాకపోతే నున్నదనం కొంత తగ్గుతుంది.

ఇడ్లీ పాత్ర చాలు. చిల్లుల పళ్ళెంలో తడిపి పిండిన పల్చటి గుడ్డ పరిచి, పిండిని అదమకుండా వదులుగా పోయండి. అదిమితే ఆవిరి మధ్యకు చేరక లోపల తెల్లటి పచ్చిపిండి మిగులుతుంది. మూతకు పొడిగుడ్డ చుట్టండి, లేకపోతే మూత మీద చేరిన నీటి చుక్కలు పిండి మీద పడి అక్కడక్కడా జిగటగా చేస్తాయి. నీళ్ళు మరిగి ఆవిరి గట్టిగా వస్తున్నప్పుడే పళ్ళెం దింపి, పెద్ద మంట మీద 25 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చి తీస్తే పొడిపిండి అంటకూడదు. మంట ఆపి ఐదు నిమిషాలు అలాగే వదలండి.

ఇక దంచడం. ఇది వేడి మీదే జరగాలి. రోలు రోకలి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. గ్లాసు నీళ్ళలో అర టీస్పూను ఉప్పు వేసి పక్కన పెట్టుకుని, రోకలిని అందులో తడుపుతూ ముద్దను మడత వేస్తూ 10 నుంచి 15 నిమిషాలు దంచండి. పిండి కలిపే మెషీన్ ఉంటే కొక్కెం తగిలించి మధ్య వేగంలో 8 నుంచి 10 నిమిషాలు తిప్పండి. ఉడికిన పిండి మొదట ఉప్మాలా విడివిడిగా ఉంటుంది. దంచేకొద్దీ లోపలి గాలి పోయి, పిండిపదార్థమంతా ఒకటై నున్నగా మెరుస్తుంది. చిన్న ముక్క గిల్లి లాగితే తెగకుండా సాగాలి. మధ్యలో చల్లారిపోతే మళ్ళీ ఐదు నిమిషాలు ఆవిరి పట్టించి మొదలుపెట్టండి. చేతులు నొప్పెట్టి ఇక్కడ ముందే ఆపేస్తే ఆ బిళ్ళ సూప్‌లో అంచుల నుంచి ఊడిపోతుంది. తేట సూప్ కలకబారడానికి ఇంటి తొక్‌లో మొదటి కారణం దంచడం చాలకపోవడమే.

ముద్దను నాలుగు భాగాలు చేసి, ఉప్పునీటి తడి చేత్తో రెండున్నర సెంటీమీటర్ల లావు కడ్డీలుగా దొర్లించండి. నూనె రాయవద్దు, అది తర్వాత సూప్ మీద తేలుతుంది. ఒక కడ్డీని వేడిగా అలాగే తేనెలో అద్దుకు తినండి, కొరియాలో పిల్లలకు అది దక్కాల్సిన వాటా. మిగతావి చల్లారాక తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో 12 నుంచి 18 గంటలు ఉంచండి. కొరియాలో ఫిబ్రవరి చలికి బయట గదిలోనే గట్టిపడతాయి. మన వాతావరణంలో బయట పెడితే గట్టిపడకముందే పులుస్తాయి.

కోయడానికి సరైన సమయం కడ్డీ నొక్కితే కొద్దిగా లొంగుతూ, కత్తికి అంటనప్పుడు. మరీ మెత్తగా ఉంటే బిళ్ళ నలుగుతుంది. మరీ గట్టిపడితే కత్తి జారి వేలు తెగుతుంది, కాబట్టి అలాంటి కడ్డీని పావుగంట బయట పెట్టి తర్వాత కోయండి. ఏటవాలుగా, 3 మి.మీ. మందంలో. ఏటవాలు అందం కోసమే కాదు, వెడల్పు పెరిగి లోపలిదాకా త్వరగా ఉడుకుతుంది. ప్రతి నాలుగైదు కోతలకూ కత్తిని తడిగుడ్డతో తుడవండి. రెండు రోజుల్లో వాడకపోతే పళ్ళెంలో ఒకే వరసలో పరిచి గడ్డకట్టించి, ఆపై కవర్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు నెలలు నిక్షేపంగా ఉంటాయి.

సూప్ నీళ్ళు

పూర్వం దీనికి ఫెజంట్ అనే అడవిపక్షి మాంసం వాడేవారు. అది అందరికీ దొరకదు కాబట్టి కోడి వచ్చింది. 'ఫెజంట్ బదులు కోడి' అనే కొరియన్ సామెతకు మూలం ఇదేనని చెప్పుకుంటారు. ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో బీఫ్, అందులోనూ యాంగ్‌జి అనే రొమ్ము భాగం. బీఫ్ తినని ఇంట్లో కోడితో చేస్తే అది సర్దుబాటు వంటేమీ కాదు, సంప్రదాయంలో ఉన్న రుచే.

బీఫ్‌ను ముక్కలు చేయకుండా అరగంట చన్నీళ్ళలో ఉంచి రక్తం పోనివ్వండి. ఒకసారి నీళ్ళు మార్చండి. రెండున్నర లీటర్ల చన్నీళ్ళలో మాంసం వేసి మధ్య మంట మీద పెట్టండి. మరిగే నీళ్ళలో వేస్తే తెట్టు సన్నగా విడిపోయి నీళ్ళలో కలిసిపోతుంది, సూప్ కలకబారుతుంది. మరగడం మొదలవగానే బూడిదరంగు తెట్టు పైకి లేస్తుంది. దాన్ని ఓపిగ్గా, పూర్తిగా తీసేయండి. తెట్టు పోయాకే ఉల్లిపాయ, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, మిరియాలు, ముల్లంగి, ఉల్లికాడల తెల్లభాగం వేయండి. ముందే వేస్తే తెట్టు వాటికి అంటుకుని తీయడానికి కుదరదు. కొరియన్ ముల్లంగి తియ్యగా, లావుగా ఉంటుంది. మన ముల్లంగికి ఘాటెక్కువ, 100 గ్రాములు మించనివ్వకండి, 30 నిమిషాలు కాగానే తీసేయండి.

సన్నసెగ మీద గంటా పావు. నీటి మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేస్తే చాలు. కుతకుతా ఉడికిస్తే కొవ్వు చిన్న చిన్న బిందువులుగా చీలి నీళ్ళలో కలిసిపోతుంది, సూప్ పాలవిరుగుడులా మారుతుంది. అలా మారినదాన్ని ఎన్నిసార్లు వడకట్టినా తేటపడదు. కోడికైతే, ఫారం కోడికి 50 నిమిషాలు, నాటుకోడికి గంటన్నర నుంచి రెండు గంటలు. ప్రెషర్ కుక్కర్‌లో చేయాలనుకుంటే తెట్టు తీశాకే మూత పెట్టి, సన్నసెగ మీద ఫారం కోడికి 15, బీఫ్‌కు, నాటుకోడికి 35 నిమిషాలు. ఆవిరి దానంతట అదే దిగేవరకు ఆగండి. విజిల్ ఎత్తి ఆవిరి వదిలితే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి లోపల నీళ్ళు ఎగిసి మరుగుతాయి, పడ్డ శ్రమంతా పోతుంది.

మాంసం తీసి, నీళ్ళను తడిగుడ్డలో వడకట్టండి. సుమారు 1.8 లీటర్లు రావాలి, తగ్గితే వేడినీళ్ళు కలపండి. సమయం ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి పైన పేరిన కొవ్వును రేకులా ఎత్తేయండి. లేకపోతే గరిటెతో తీయగలిగినంత తీయండి. మాంసం కాస్త చల్లారాక దాని పోగుల వెంబడి చేత్తో చీల్చి, ఒక టీస్పూను సూప్ సోయాసాస్, ఒక వెల్లుల్లి రెబ్బ తురుము, టీస్పూను నువ్వుల నూనె, మిరియాల పొడి పట్టించి పక్కన పెట్టండి. అల్లంవెల్లుల్లి పేస్టు వేయాలనిపిస్తుంది, వద్దు. పచ్చి అల్లం ఘాటు మిగతా రుచులన్నిటినీ మింగేస్తుంది.

తీరిక లేని రోజు అరగంట దారి కూడా ఉంది. మాంసాన్ని సన్నటి పీలికలుగా కోసి నువ్వుల నూనెలో వెల్లుల్లితో రెండు నిమిషాలు వేయించి, నీళ్ళు పోసి, తెట్టు తీస్తూ 20 నిమిషాలు మరిగించాలి. దీనికి రెండు లీటర్ల నీళ్ళు చాలు. తేట తక్కువే, రుచి బాగానే ఉంటుంది.

ఎండుచేపలతో, లేదా శాకాహారంగా

కొరియన్ వంటింట్లో మాంసం లేని స్టాక్‌కు ఎండు ఆంకోవీలు వాడతారు. మన కోస్తాలో దొరికే నెత్తళ్ళు ఆ కుటుంబానివే. ఒక తేడా ఉంది. అక్కడ చేపలను ఉప్పునీటిలో ఉడికించి ఆరబెడతారు, ఇక్కడ ఎక్కువగా పచ్చివే ఎండబెడతారు. అందువల్ల మన నెత్తళ్ళకు నీచు, ఇసుక ఎక్కువ. 25 గ్రాములు తీసుకుని తల, పొట్ట తీసేసి (చేదంతా అక్కడే ఉంటుంది), రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, పొడి పెనం మీద నీచు వాసన తగ్గేదాకా వేయించండి. రెండు లీటర్ల నీళ్ళలో, మూత పెట్టకుండా 15 నిమిషాలు చాలు. ఇంకా మరిగిస్తే చేదు దిగుతుంది.

శాకాహారులకు ఆరు ఎండు షిటాకే పుట్టగొడుగులు, అరచేయంత దాషిమా రేకు. దాషిమా అంటే దళసరి సముద్రపు నాచు, జపాన్ వాళ్ళు కొంబు అంటారు. దాని మీదుండే తెల్లటి పొడి రుచినిచ్చేదే, కడగకుండా తడిగుడ్డతో దుమ్ము మాత్రం తుడవండి. రెంటినీ రెండు లీటర్ల చన్నీళ్ళలో గంట నానబెట్టి, సన్నసెగ మీద పెట్టి, అంచుల్లో చిన్న బుడగలు కనిపించగానే దాషిమా తీసేయండి. మరిగితే జిగురు, చేదు రెండూ దిగుతాయి. పుట్టగొడుగులు ఇంకో 20 నిమిషాలు ఉడికి, తర్వాత సన్నగా తరిగి మాంసం బదులు పైన వేసుకోవడానికి పనికొస్తాయి. బయట కొనే కిమ్చీలో చేప సాస్, రొయ్యల ఉప్పు కలపడం మామూలు. శాకాహారులు ఆ సీసా చదివి కొనాలి.

గుడ్డు అట్టు, గిమ్

పసుపు, తెలుపు పీలికలను జిదాన్ అంటారు. మూడు గుడ్ల సొనలు, తెల్లసొనలు వేరు చేసి, రెంటిలోనూ చిటికెడు ఉప్పు వేసి నురగ రాకుండా కలపండి. సొనలో టీస్పూను నీళ్ళు కూడా. రెంటినీ టీ వడకట్టే జల్లెడలో పోస్తే గడ్డలు పోయి నున్నగా వస్తాయి. నాన్‌స్టిక్ పెనానికి నూనె రాసి, కాగితంతో తుడిచేయండి. నూనె మిగిలితే అట్టు మీద బుడగల గుంటలు పడతాయి. బాగా తగ్గించిన మంట మీద పల్చగా పోసి, పైతడి ఆరేదాకా ఆగి, తిప్పి పది సెకన్లు. గోధుమ మచ్చ పడిందంటే మంట ఎక్కువైనట్టు. చల్లారాక 5 సెం.మీ. పొడవున సన్నగా తరగండి. పండగకు కాకుండా రోజువారీకి చేసుకుంటే గుడ్డు గిలకొట్టి మరిగే సూప్‌లో సన్నధారగా పోసేవాళ్ళూ ఉన్నారు. రుచిగా ఉంటుంది, తేట పోతుంది.

గిమ్ రేకులను సన్నమంటకు వేలెడు ఎత్తులో అటూ ఇటూ చూపండి. రంగు ఆకుపచ్చకు తిరిగి పెళుసెక్కుతుంది. కవర్లో వేసి నలిపి ఉంచండి. ఇది గిన్నెలో ఆఖరున పడాలి. ముందే వేస్తే మెత్తబడి, సూప్ నల్లబడుతుంది.

రుచి సరిచూడటం

సూప్ సోయాసాస్‌ను కొరియన్‌లో గుక్‌గంజాంగ్ అంటారు. మామూలు సోయాసాస్ కంటే రంగు తక్కువ, ఉప్పు ఎక్కువ. ఒక టేబుల్ స్పూనుతో వాసన, లేత రంగు వస్తాయి. అక్కడితో ఆపి మిగతా ఉప్పదనం ఉప్పుతోనే తేవాలి. రుచి చాల్లేదని సోయాసాసే పోస్తూ పోతే సూప్ టీ రంగుకు తిరుగుతుంది. అది దొరక్కపోతే లేతరకం సోయాసాస్ రెండు టీస్పూన్లు, ఉప్పు కొంచెం ఎక్కువ. నూడుల్స్‌కు వాడే చిక్కటి నల్ల సోయాసాస్ మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. తొక్ వేయకముందు సూప్ ఒక పిసరు ఉప్పగా అనిపించాలి, బిళ్ళలు ఆ ఉప్పును కొంత పీల్చుకుంటాయి.

కలపడం: ఆరు నిమిషాల పని

వడ్డనకు ముప్పావుగంట ముందు తొక్ బిళ్ళలను విడదీసి చన్నీళ్ళలో వేయండి. ఫ్రిజ్‌లోవైతే 20 నుంచి 30 నిమిషాలు, గడ్డకట్టినవైతే 40. గట్టిపడిన తొక్ పైన ఎండిపోయి ఉంటుంది. నానకుండా మరిగే నీళ్ళలో పడితే లోపలికి వేడి చేరకముందే పైపొర పగిలి కరుగుతుంది. అప్పుడే బయట జావ, మధ్యలో పలుకు. తొందరపడి వేడినీళ్ళలో నానబెట్టినా ఇదే జరుగుతుంది. తాజాగా, ఇంకా మెత్తగా ఉన్న బిళ్ళలకు నానబెట్టడం అక్కర్లేదు, ఒకసారి కడిగితే చాలు.

అందరూ కూర్చున్నాకే, అంతకు ముందు కాదు, సూప్‌ను పెద్ద మంట మీద తెర్ల కాగనివ్వండి. వడకట్టిన బిళ్ళలు వేసి వెంటనే అడుగు నుంచి గరిటెతో ఒకసారి కలపండి. మొదటి నిమిషంలోనే అవి అడుగంటుతాయి. మళ్ళీ మరుగు రాగానే మంట మధ్యకు తగ్గించండి. మూడు నాలుగు నిమిషాలకు బిళ్ళలు ఒక్కొక్కటిగా తేలతాయి. తేలాక ఒకటి రెండు నిమిషాలు. ఒక బిళ్ళ తీసి కొరికి చూడండి. పంటికి సాగుతూ తెగాలి, మధ్యలో పలుకు ఉండకూడదు. తరిగిన ఉల్లికాడల ఆకు వేసి మంట ఆపేయండి. దేఫా అనే కొరియన్ ఉల్లికాడ వేలు లావుంటుంది. మనవి సన్నం, కాబట్టి మంట ఆపే ముందు వేస్తే సరిపోతుంది.

వెడల్పాటి గిన్నెల్లో ముందు బిళ్ళలు, ఆపై సూప్, మధ్యలో మాంసం, దాని మీద జిదాన్, చివర గిమ్, మిరియాల పొడి. పెద్దవాళ్ళకు ముందు పెట్టండి, వాళ్ళు చెంచా ఎత్తాకే మిగతావాళ్ళు మొదలుపెడతారు.

ఇక్కడొక గట్టి హెచ్చరిక. తొక్ సాగుతుంది, జారుతుంది, నమలకుండా మింగితే గొంతులో అడ్డుపడుతుంది. చిన్నపిల్లలకు, పళ్ళు సరిగా లేని పెద్దలకు బిళ్ళను వేలిగోరంత ముక్కలుగా కత్తిరించి, పక్కన కూర్చుని తినిపించండి.

సూప్ చిక్కగా వచ్చిందంటే

తొక్ నుంచి పిండి కొంత దిగడం మామూలే, కొరియాలో చాలామంది ఆ కొద్దిపాటి చిక్కదనాన్ని ఇష్టపడతారు కూడా. పూర్తి తేట కావాలంటే బిళ్ళలను వేరే గిన్నెలో మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉడికించి, వడకట్టి, అప్పుడు సూప్‌లో వేయండి. పదిమందికి పైగా చేసేటప్పుడు ఇదే మంచి పద్ధతి, లేకపోతే మొదటి గిన్నెకూ పదో గిన్నెకూ పోలికే ఉండదు. తీరా చిక్కబడిపోయాక మాత్రం వేడినీళ్ళు పోసి ఉప్పు సరిచూసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. అందుకే ఒక గ్లాసు సూప్ నీళ్ళు తొక్ వేయకముందే పక్కకు తీసి పెట్టుకోవడం మంచి అలవాటు.

ఊరికో తీరు

ఉత్తరాన కేసాంగ్‌లో తొక్‌ను కోయరు. నడుము నొక్కిన పట్టుగూటి ఆకారంలో చిన్న చిన్న గుళ్ళు చేస్తారు, వాటిని జోరెంగి తొక్ అంటారు. ఉత్తర ప్రాంతాల్లో, గాంగ్‌వన్ వైపు మాందు, అంటే కూరిన కుడుముల వంటివి, కూడా కలుపుతారు. అవి పచ్చివైతే తొక్ కంటే మూడు నాలుగు నిమిషాలు ముందు వేయాలి. పగిలితే కూరు బయటికొచ్చి సూప్ పాడవుతుంది కాబట్టి గరిటె వెనక వైపుతో తోయండి. దక్షిణ తీరంలో ఆల్చిప్పల మాంసం వేస్తారు. ఉప్పునీటిలో మెల్లగా కడిగి, చివరి రెండు నిమిషాల్లో వేస్తే చాలు, ఎక్కువ ఉడికితే రబ్బరులా బిగుసుకుంటుంది. జొల్లా ప్రాంతంలో కోడిని సోయాసాస్‌లో ఉడికించి ఉంచుకుని, దానితోనే సూప్ కాస్తారు. నాటుకోడి అలవాటున్న నోటికి ముందుగా నచ్చేది బహుశా ఇదే. సూప్ రంగు మాత్రం ముదురుగా ఉంటుంది, అక్కడ అదే పద్ధతి.

మిగిలితే

తొక్ వేసిన సూప్ నిల్వకు పనికిరాదు. గంటలో బిళ్ళలు సూప్‌నంతా పీల్చి ఉబ్బి మెత్తబడతాయి. ఫ్రిజ్‌లో పెడితే ఆ మెత్తటివి మళ్ళీ గట్టిపడి, వేడి చేసినప్పుడు విరిగిపోతాయి. కాబట్టి తినేవాళ్ళను లెక్కపెట్టి, అంత తొక్ మాత్రమే వేయండి. విడి సూప్ నీళ్ళు ఫ్రిజ్‌లో మూడు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో రెండు నెలలు ఉంటాయి. నానబెట్టి మిగిలిన బిళ్ళలను నీళ్ళు వంచి, తుడిచి, ఒకే వరసలో గడ్డకట్టించండి. రెండోసారి నానబెట్టినప్పుడు అంచులు కాస్త అరుగుతాయి గనుక వాటిని సూప్‌కు కాకుండా, పెనం మీద నువ్వుల నూనెలో రెండు వైపులా దోరగా కాల్చి తేనెతో తినడానికి వాడుకోండి.